చెవితో పట్టే దొంగ

డిటెక్టివ్ నవలలు చదివేవారిలో రెండు జాతులున్నాయి. మొదటి పేజీనుంచి వరసగా చదువుకుంటూ పోయి, హంతకుడెవరో చివరనే తెలుసుకునేవారు ఒక జాతి. నాలుగు పేజీలు చదివేసరికి ప్రాణం ఉగ్గబట్టుకోలేక, గబుక్కున చివరి పేజీ తిప్పి చూసేవారు రెండవ జాతి. మీలో ఈ రెండవ జాతివారు ఎంతమంది ఉన్నారో నేను అడగను. అడిగినా ఎవరూ నిజం చెప్పరు.

ఇప్పుడు మూడవ జాతి ఒకటి తయారయింది. వీరు నవలను చదవరు, వింటారు. ఎవరో పుస్తకమంతా పైకి చదివి రికార్డు చేసి ఉంచుతారు. దాన్ని ఫోనులో పెట్టుకుని, పని చేసుకుంటూనో, బస్సులో పోతూనో వింటారు. దీనికి ఆడియో పుస్తకమని పేరు.

కథలు వినటం మనకు కొత్తేమీ కాదు. హరికథలూ, బుర్రకథలూ, తోలుబొమ్మలాటలూ మన ముత్తాతల నాటినుంచీ ఉన్నవే. కాని ఒక తేడా ఉన్నది. హరికథకు పోయి కూచున్నవారికి రావణుడు చస్తాడని ముందే తెలుసు. తెలిసే వింటారు. దాసుగారు ఆ చావును ఎంత బాగా చెబుతారా అన్నదే వారి ఆసక్తి. డిటెక్టివ్ కథ అలా కాదు. చివర ఏమవుతుందో తెలిసిపోతే సగం కథ చచ్చిపోయినట్టే. పైగా చెవికి చివరి పేజీ ఉండదు. కళ్ళు ముందుకు దూకగలవు, చెవులు దూకలేవు. చదివేవాడు ఎంత వేగంతో నడిస్తే వినేవాడూ అంత వేగంతోనే నడవాలి. డిటెక్టివ్ నవలను వినటంలో ఉన్న మజా అంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

ఈ మజా బాగా తెలిసిన ఇల్లొకటి నేను చూశాను. అది ఎమ్మిగనూరులో ఉన్నది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఆదోని, ఎమ్మిగనూరు అని రెండు పట్టణాలున్నాయి. రెంటికీ మధ్య సుమారు 30 కిలోమీటర్ల దూరం. ఆదోని పత్తికి పేరుపడింది. పత్తి కాలంలో అక్కడి మార్కెట్టు యార్డు తెల్లగా మంచు కురిసినట్టుంటుంది. ఊరి వీధుల్లో తెలుగూ, ఉర్దూ, కన్నడమూ మూడూ వినిపిస్తాయి. ఎమ్మిగనూరు నేతకు పేరుపడింది. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించారు. పద్మ పురస్కారాలు మొదలైన 1954వ సంవత్సరంలోనే ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మగ్గం పని ఎలా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. గుంత మగ్గంలో మనిషి నేలమీద కూచుని, కాళ్ళు గుంతలో పెడతాడు. పడుగు దారాలు ముందు సాచి ఉంటాయి. కాళ్ళు తొక్కుతూంటే ఆ దారాలు పైకీ కిందికీ విడిపోతాయి. మధ్యనుంచి నాడె పేక దారాన్ని పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తుతుంది. చేతులకు పని, కాళ్ళకు పని, కళ్ళకు పని. పని లేనివి చెవులు మాత్రమే. రోజుకు ఎనిమిది, పది గంటలు ఆ చెవులు టకటక శబ్దం వింటూ కూచోవాలి.

ఇలాంటి చెవులకు మేత వేసే ఉపాయం చాలా దూరాన ఉన్న క్యూబా దేశంలో 1865లోనే కనిపెట్టారు. హవానా నగరంలో చుట్టలు చుట్టే కర్మాగారాలున్నాయి. అక్కడా అంతే: చేతులకు పని, చెవులకు తీరిక. అందుచేత కార్మికులు తమ కూలిడబ్బుల్లోంచి తలా కొంచెం వేసుకుని, ఒక చదువరిని పెట్టుకున్నారు. అతను ఎత్తయిన పీటమీద కూచుని వార్తాపత్రికలూ, నవలలూ బిగ్గరగా చదివేవాడు. ఏ నవల చదవాలో కార్మికులే తేల్చేవారు. ఆ దేశపు చుట్టల్లో ‘మాంటిక్రిస్టో’ అనే రకానికి ఆ పేరు రావడానికి కారణం, కార్మికులు డ్యూమా రాసిన నవల విని ముచ్చటపడటమేనని చెబుతారు.

ఎమ్మిగనూరులో నేను చెప్పబోయే తాతకు డెబ్బై దాటాయి. ఆయన చిన్నతనంలో ఆ వీధిలోనూ ఒక చదువరి ఉండేవాడు. జీతమూ లేదు, పీటా లేదు. ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న కుర్రవాడు, తాతకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆదోనికి పోయినప్పుడల్లా అద్దె పుస్తకాల దుకాణంలో ఒక డిటెక్టివ్ నవల తెచ్చేవాడు. సాయంకాలం మగ్గాల పక్కన అరుగుమీద కూచుని చదివేవాడు. తాత అప్పటికి పదేళ్ళవాడు. బడి మానేసి, కండెలు చుట్టటం నేర్చుకుంటున్నాడు. ఈనాటికీ ఆయన బస్సుమీది బోర్డు కూడబలుక్కుని చదవగలడే గాని, నవల చదవటం ఆయనవల్ల కాదు.

ఆ రోజుల్లో తెలుగుదేశమంతా చదివిన డిటెక్టివు యుగంధర్. అతన్ని సృష్టించినవారు కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994). యుగంధర్ మద్రాసులో ఉంటాడు. అతని అసిస్టెంటు రాజు. 1950ల చివరినుంచి ఈ ఇద్దరి కథలు డజన్లకొద్దీ వచ్చాయి. జేబులో పట్టే చిన్న పుస్తకాలు, తక్కువ ధర. రైళ్ళలోనూ, అద్దె దుకాణాల్లోనూ అవి చేతులు మారి, మారి, అట్టలు ఊడిపోయేవి.

అట్టలు ఊడితే ఊడాయి, ఒకసారి ఒక పుస్తకానికి చివరి పేజీలే ఊడిపోయాయి. చదువరి కుర్రవాడు మూడు సాయంత్రాలు చదివాడు. నాలుగో సాయంత్రం యుగంధర్ అందర్నీ ఒక గదిలో కూచోబెట్టి, “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు,” అనే దాకా వచ్చింది. పేజీ తిప్పితే వెనక అట్ట! మగ్గాలన్నీ ఆగిపోయాయట. “ఇంకో పుస్తకం తెస్తాలేరా,” అన్నాడు చదువరి. తేకముందే అతనికి బొంబాయిలో పని దొరికింది. ఆదోని స్టేషనులో రైలెక్కి పోయాడు. తరువాత తిరిగి రాలేదు.

ఆ నవల పేరు తాతకు గుర్తులేదు. “ఒగ గడియారం అర్ధరాత్రి నిలిచిపోతాది. అది మాత్రం మతికుండాది,” అంటాడు. పిల్లలూ, అర్ధరాత్రి ఆగిపోయే గడియారం లేని డిటెక్టివ్ నవల ఏదైనా ఉంటుందా? ఈ ఒక్క ఆధారంతో ఆ పుస్తకాన్ని పట్టాలంటే యుగంధరుకు కూడా చెమటలు పోస్తాయి.

తాత మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. పోయిన వేసవి సెలవుల్లో ఆ పిల్లకు ఒక ఆలోచన వచ్చింది. యుగంధర్ నవలలు కొన్ని ఈమధ్య మళ్ళీ అచ్చయ్యాయి. కొన్ని పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతాయి. దొరికినవి దొరికినట్టు తెచ్చి, తాతకు వరసగా వినిపిస్తే, ఎప్పుడో ఒకప్పుడు ఆ గడియారం తగలకపోదు. కాని పగలు తాత మగ్గంమీద ఉంటాడు, తాను బడిలో ఉంటుంది. అందుచేత రాత్రిళ్ళు చదివి ఫోనులో రికార్డు చేయటం మొదలుపెట్టింది. తాత మరునాడు పని చేస్తూ వింటాడు. తెలుగు కథలూ, నవలలూ చదివి వినిపించే ఏర్పాట్లు ఇప్పుడు ఫోనులో చాలా ఉన్నాయి. అయితే పేరు తెలియని పుస్తకాన్ని వాటిలో వెతకటం ఎలా?

మొదటి రోజు తాత అయిదు నిమిషాలు విని చెవిలోంచి తీసేశాడు.

“యుగంధర్ ఆడపిల్ల మాదిరి మాట్లాడుతాడా?” అన్నాడు.

ఇది తాత ఒక్కడికే వచ్చే చిక్కు కాదు. ఒక డిటెక్టివు కథలను వరసగా ఒకే గొంతులో విన్నవారికి ఆ గొంతే డిటెక్టివు గొంతు అయిపోతుంది. అరవై ఏళ్ళుగా తాత చెవుల్లో యుగంధర్ అంటే ఆ చదువరి కుర్రవాడే. ఇంగ్లండులో అగాథా క్రిస్టీ నవలలను హ్యూ ఫ్రేజర్ అనే నటుడు చాలా చదివాడు. టెలివిజనులో ఆయన డిటెక్టివు పాయిరో స్నేహితుడు హేస్టింగ్సు వేషం వేసినవాడు. రాజు కూచుని యుగంధర్ కథ చెబుతున్నట్టుంటుందన్నమాట! గొంతు మారితే వినేవారు తగాదా పడటం అక్కడా ఉన్నది. తాత మాత్రం మూడో అధ్యాయం వచ్చేసరికి ఆడగొంతు సంగతి మరిచిపోయాడు. హత్య జరిగింది మరి!

రికార్డు చేయటం అనుకున్నంత సులభం కాలేదు. మొదట ముందుగదిలో కూచుని చదివింది. విని చూస్తే బావిలోంచి మాట్లాడినట్టున్నది. మన గొంతులోంచి వచ్చే ధ్వని గాలిని కదిలిస్తూ పోయి, గట్టి గోడలకు తగిలి, బంతిలాగా వెనక్కు వస్తుంది. అసలు మాటా, తిరిగి వచ్చిన మాటా కలిసి ఫోనులో పడి గజిబిజి అవుతుంది. మామూలుగా మన మెదడు ఈ ప్రతిధ్వనిని పట్టించుకోదు. ఫోను మాత్రం ఏదీ వదలదు.

దీనికి మందు ఆ ఇంట్లోనే ఉన్నది. వెనకగదిలో నూలు కట్టలు పేర్చి ఉంటాయి. ఆ గదిలో కూచుని చదివితే గొంతు స్పష్టంగా వచ్చింది. ఎందుకంటే, నూలు కట్టలో పోగుల మధ్య లక్షల సందులున్నాయి. ధ్వని ఆ సందుల్లోకి దూరిందంటే, కదిలే గాలి పోగులకు రాసుకుని, శక్తి అంతా కాస్తంత వేడిగా మారిపోతుంది. ధ్వని తిరిగి రాదు. పెద్దపెద్ద రికార్డింగు గదుల గోడలకు మెత్తని పదార్థాలు అంటించేది ఇందుకే. నూలు కట్టలు లేనివారు రెండు బొంతలు కప్పుకున్నా చాలు. వేసవిలో మాత్రం ఈ సలహా పాటించవద్దు.

మరొక చిక్కు: ‘భయం’, ‘ఘోరం’, ‘పారిపోయాడు’ వంటి మాటలు వచ్చినప్పుడల్లా ఫోనులో ‘బుస్స్’ మని శబ్దం వచ్చింది. ఈ అక్షరాలు పలికేటప్పుడు నోటినుంచి గాలి ఒక్క ఉదుటున బయటికి వస్తుంది. కావాలంటే అరచెయ్యి నోటిముందు పెట్టుకుని ‘ఫ’ అని చూడండి. ఫోనును నోటికి ఎదురుగా కాక, జానెడు దూరాన కొంచెం పక్కకు పెట్టేసరికి గాలి దాన్ని తప్పించుకు పోయింది, మాట మాత్రం వినిపించింది.

ఫోను మాటను ఎలా దాచుకుంటుంది? దానిలోని మైక్రోఫోనులో సన్నటి పొర ఒకటి ఉన్నది. మన మాటకు ఆ పొర వణుకుతుంది. ఆ వణుకు విద్యుత్తుగా మారుతుంది. ఆ విద్యుత్తు ఎంత ఉన్నదో ఫోను ఒక్క సెకనులో వేలసార్లు కొలిచి, అంకెలుగా రాసిపెట్టుకుంటుంది. సంగీతపు సీడీల్లో అయితే సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల దాకా వినగలదు. ఏ కంపనాన్నయినా తిరిగి సరిగా పలికించాలంటే, దానికి రెండింతలకన్నా ఎక్కువసార్లు కొలవాలని లెక్క ఉన్నది. అందుకే అంత పెద్ద అంకె.

1877లో ఎడిసన్ మొట్టమొదట మనిషి మాటను పట్టి తిరిగి వినిపించినప్పుడు ఈ అంకెలేవీ లేవు. ఒక దొప్ప చుట్టూ తగరపు రేకు చుట్టి, దానిమీద సూదితో గీత గీయించాడు. అది పాడింది పిల్లల పాట. కాని ఒక నవలంతా పట్టించాలంటే చాలా ఏళ్ళు ఆగవలసి వచ్చింది. ఆ కథ కూడా డిటెక్టివు కథతోనే ముడిపడి ఉండటం చిత్రం.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఎంతోమంది సైనికులకు చూపు పోయింది. వారిలో ఇయాన్ ఫ్రేజర్ అనే యువకుడొకడు. 1916లో సోమ్ యుద్ధంలో అతని కళ్ళు పోయాయి. పెద్దయ్యాక బ్రెయిలు అక్షరాలు నేర్చుకోవటం చాలామంది సైనికులకు కష్టమయింది. వారికోసం పుస్తకాలను గ్రామఫోను ప్లేట్లమీద ఎక్కించాలని ఫ్రేజర్ పట్టుబట్టాడు. మామూలు ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరిగేది. ఒక్కొక్క వైపు నాలుగైదు నిమిషాలకు అయిపోయేది. ఎనిమిది గంటల నవల ఉన్నదనుకుందాం. వైపుకు నాలుగు నిమిషాల చొప్పున 120 వైపులు, అంటే 60 ప్లేట్లు కావాలి! హంతకుడు దొరికేసరికి వినేవాడి చేతులు పడిపోతాయి. అందుచేత గీతలు దగ్గరదగ్గరగా గీసి, ప్లేటును నిమిషానికి 24 సార్లే తిప్పారు. వైపుకు 25 నిమిషాలు వచ్చింది. అదే నవలకు పది ప్లేట్లు చాలు.

ఈ ‘మాట్లాడే పుస్తకాలు’ ఇంగ్లండులో 1935లో మొదలయ్యాయి. అమెరికాలో అంతకు ఏడాది ముందే ఇలాంటివి వచ్చాయి. ఇంగ్లండులో మొట్టమొదట ఎక్కించిన పుస్తకాల్లో ఒకటి అగాథా క్రిస్టీ రాసిన ‘రోజర్ ఎక్రాయిడ్ హత్య’. అది పాయిరో కథ. అందులో ఒక గొప్ప తిరకాసు ఉన్నది. అది చదివినవారికన్నా విన్నవారిని ఎక్కువగా దెబ్బతీస్తుందని నా నమ్మకం. ఎందుకో చెప్పను. చెబితే, మీరు పెద్దయి ఆ పుస్తకం పట్టుకున్న రోజున నన్ను తిట్టుకుంటారు.

పాయిరో నవలలు 33. షెర్లాక్ హోమ్సు కథలు 56, నవలలు నాలుగు. అవన్నీ 1887 నుంచి 1927 దాకా నలభై ఏళ్ళపాటు వచ్చాయి. స్టీఫెన్ ఫ్రై అనే నటుడు హోమ్సు కథలన్నీ కలిపి చదవగా, అది 2017లో విడుదల అయింది. మొత్తం దాదాపు 72 గంటలు. మన తాత రోజుకు ఎనిమిది గంటలు వింటే తొమ్మిది రోజుల్లో హోమ్సు అయిపోతాడు! నలభై ఏళ్ళ కథ తొమ్మిది రోజుల్లో. నన్నడిగితే అంత తొందర పనికిరాదు. కొందరు ఫోనులో వేగం పెంచి, రెండింతల జోరుతో వింటారు. వంట సంగతులూ వార్తలూ అలా వింటే వినవచ్చు. ఆధారాల కథను అలా వినటం, పరుగెత్తే రైల్లోంచి దారిలో పడిపోయిన ఉంగరం వెతకటం లాంటిది.

బెంగాలులో ఈ సరదా ఇంకా ముదిరింది. అక్కడ సత్యజిత్ రాయ్‌గారు 1965లో ఫెలూదా అనే డిటెక్టివును ప్రవేశపెట్టారు. ఎక్కడ అనుకున్నారు? ‘సందేశ్’ అనే పిల్లల మాసపత్రికలో! దాన్ని 1913లో పెట్టినది రాయ్‌గారి తాతగారే. కలకత్తాలోని ఒక రేడియో స్టేషను 2009 నుంచి ఆదివారాలు రహస్య కథలు వినిపిస్తూ వచ్చింది. ఫెలూదా కథలు కూడా అందులో వచ్చాయి. సినిమాల్లో ఫెలూదా వేషం వేసిన సవ్యసాచి చక్రవర్తి చాలావాటిలో ఆ గొంతు కూడా ఇచ్చాడు. పత్రికలో చదివి పెరిగినవారు ముసలివారై, మనవలతో కలిసి అవే కథలు విన్నారు.

మళ్ళీ ఎమ్మిగనూరుకు వద్దాం. తాత ఒక చెవికే తీగ పెట్టుకుంటాడు. రెండో చెవి మగ్గానికి కావాలి. నాడె తగిలే శబ్దం ఏమాత్రం మారినా, ఎక్కడో పోగు తెగిందని చెవికే ముందు తెలుస్తుందట. సాయంత్రం బడి వదిలాక పక్కింటి పిల్లవాడొకడు వచ్చి మగ్గం పక్కన చేరతాడు. వాడి అమ్మా నాయనా మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు వలస పోయారు. పడమటి కర్నూలు పల్లెలనుంచి పంటలు లేని ఏడు వేలమంది ఇలా పోతారు. వాడు అవ్వ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. వాడు వచ్చినప్పుడు తాత చెవి తీగ తీసేసి, ఫోనును ఒక ఖాళీ కుండలో నిలబెడతాడు. ఫోనునుంచి నలువైపులా చెదిరిపోయే ధ్వనిని కుండ గోడలు పైకే మళ్ళిస్తాయి. పైగా కుండలోని గాలి కూడా కదిలి ధ్వనికి తోడవుతుంది. ఇద్దరికీ హాయిగా వినిపిస్తుంది.

ఈ పిల్లవాడే ఒకనాడు పెద్ద గొడవ తెచ్చిపెట్టాడు. మూడో నవలలో హంతకుడెవరో అయిదో అధ్యాయంలోనే చెప్పేశాడు. ఎలా పట్టావురా అంటే, “అక్క వాని మాటలు సదివేటప్పుడు మెల్లగ సదువుతాది,” అన్నాడు. మనవరాలు పుస్తకమంతా ముందే చదివేసింది గదా! హంతకుడి మాటలు వచ్చేసరికి ఆ పిల్లకు తెలియకుండానే గొంతు దిగిపోయింది. వాడు ఆధారాలను కాదు, అక్క గొంతును పట్టుకున్నాడు.

1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్లేయుడు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. ఆయన కథలు రాసేవాడే గాక క్రైస్తవ మతగురువు కూడా. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించి ఉండాలి, డిటెక్టివుకు దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదు, ముందుగా సూచించకుండా కవలపిల్లలను దింపకూడదు — ఇలాంటివి. పైకి చదివేవారికోసం పదకొండవది చేర్చవలసి ఉన్నది: గొంతుతో కన్ను గీటరాదు.

అందుచేత మనవరాలు ముందుగా చదవటం మానేసింది. ఆ రాత్రి చదవవలసిన అధ్యాయం ఆ రాత్రే మొదటిసారి చూడటం. తనకే తెలియనప్పుడు గొంతు ఏం చెబుతుంది? ఉపాయం బాగానే ఉన్నది గాని, తెలుగు వాక్యం దాన్ని చెడగొట్టింది. మన భాషలో మాట ముందు వస్తుంది, ఆ మాట ఎలా అన్నదీ చివర వస్తుంది. “ఎవరక్కడ?” అని మెల్లగా చదివేసిన తరువాత, ‘అని గావుకేక పెట్టాడు’ అని ఉంటుంది! మళ్ళీ చదవాలి. ఒక అధ్యాయానికి ఇలా పది కేకలు.

చివరికి దారి చూపినది ఆ పిల్ల అమ్మ. ఆమె పుస్తకాన్ని ముందుగా చదివి, ప్రతి మాట పక్కనా పెన్సిలుతో చిన్న గుర్తు పెడుతుంది. సున్న పెడితే గుసగుస, నిలువు గీత పెడితే కేక, అడ్డగీత పెడితే నవ్వు. గుర్తులున్నవి మాటలకే గాని మనుషులకు కాదు గనక, చదివే పిల్లకు హంతకుడు తెలియడు. ఇప్పుడు ఇల్లంతటికీ రహస్యం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. వంటింటి చుట్టూ అందరూ తిరుగుతూంటారు.

“ఇది నా గడియారం కతేనా, కాదా? అది మాత్రం చెప్పు తల్లీ,” అంటాడు తాత.

“వింటా ఉండు మామా. గడియారం ఉంటే అదే మోగుతాది,” అంటుంది ఆమె.

“అరవై ఏండ్లు కాసుకున్నా. ఇంగో రెండు దినాలు కాసుకోలేనా?” అంటూ తాత మగ్గం దగ్గరికి పోతాడు. పోతూ పోతూ వంటింట్లోకి మళ్ళీ ఒకసారి చూస్తాడు.

మీరు కూడా ఇంట్లో ముసలివారికోసం ఇలా చదివి రికార్డు చేయవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి. మన దేశంలో రచయిత పోయిన తరువాత 60 సంవత్సరాలపాటు అతని రచనలమీద హక్కు వారసులకు ఉంటుంది. కొమ్మూరివారు 1994లో పోయారు గనక, ఆయన పుస్తకాలకు ఆ హక్కు 2054 చివరిదాకా ఉన్నది. ఇంట్లో తాతకు వినిపించుకోవటం వేరు, ఊరందరికీ ఫోనుల్లో పంచటం వేరు. రెండవదానికి అనుమతి కావాలి. హోమ్సును రాసిన కానన్ డాయిల్ 1930లోనే పోయాడు గనక, ఆయన ఇంగ్లీషు కథలకు ఈ అడ్డు లేదు. మీరే తెలుగు చేసుకుని చదివితే మరీ మంచిది.

వినేవారికి కూడా కొంత సామగ్రి కావాలి. అచ్చు పుస్తకంలో అయితే, “ఈ రంగనాథం ఎవరబ్బా?” అనుకున్నప్పుడు వెనక్కు తిప్పి చూస్తాం. చెవికి ఆ వీలు తక్కువ. అందుకని పక్కింటి పిల్లవాడు పాత నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాడు. మనిషి పేరు వినగానే రాస్తాడు. దాని ఎదురుగా అతను హత్య వేళకు ఎక్కడున్నానని చెప్పాడో రాస్తాడు. అబద్ధమని తేలితే దానికింద గీత గీస్తాడు. తాత ఏమీ రాసుకోడు. రాయటం రాదు గనక ఆయన ఎప్పుడూ అన్నీ తలలోనే పెట్టుకుంటూ వచ్చాడు. చీర అంచులో ఎన్ని పోగుల తరువాత రంగు మారాలో గుర్తుంచుకునే తలకు ఎనిమిదిమంది అనుమానితులు ఒక లెక్కా? ఇంతవరకు ఇద్దరికీ పందెం సమానంగానే నడుస్తున్నది. ఆరు నవలల్లో తాత మూడు పట్టాడు, పిల్లవాడు మూడు పట్టాడు. గొంతు విని పట్టినదాన్ని లెక్కలో వేయాలా వద్దా అని ఒక తగాదా మాత్రం ఉన్నది.

ప్రస్తుతం ఏడో నవల నడుస్తున్నది. నేను పోయిన రోజున ఆరో అధ్యాయం అయింది. గోడగడియారం ఒకటి వచ్చింది గాని అది ఇంకా బాగానే నడుస్తున్నది. పిల్లవాడు తనకు అనుమానమున్న మనిషి పేరు చీటీమీద రాసి, నాలుగు మడతలు పెట్టాడు. తాత తన అనుమానం మనవరాలి చెవిలో చెప్పి రాయించాడు. రెండు చీటీలూ మగ్గం పక్కన గూట్లో, నూనెడబ్బా కింద ఉన్నాయి. అమ్మ వాటిని విప్పి చూసి, నవ్వకుండా మళ్ళీ మడిచి పెట్టేసింది.